నిమ్మకాయల బండి

నెల్లూరు ఆటోనగర్లో, వెల్డింగు షాపు వెనకాల
ఒక కాలు ఇటుకల మీద పెట్టుకొని
నిలబడి ఉంది.
రెండు లక్షల పదివేలు, అన్నాడు పెంచలనాయుడు.
"సామాన్లకేనా మేడం?"
నేనే సామానని చెప్పలేదు.

పదకొండేళ్లు గూడూరు యార్డు నుంచి మద్రాసుకి
నిమ్మకాయలు మోసిందంట.
తలుపు తీయగానే మొహాన కొట్టింది వాసన,
పులుపు కాదు, పులుపంతా పోయాక మిగిలే
గోనెసంచుల వాసన.
మూలన బోల్టు పక్కన
ఎండి గోలీ అయిన కాయ ఒకటి,
దింపడం మరిచిపోయిన సరుకు.

టేపు తెచ్చుకున్నా.
పొడుగు తొమ్మిదడుగుల ఎనిమిదంగుళాలు. వెడల్పు అయిదున్నర.
నిలబడితే నెత్తికీ రేకుకీ మధ్య నాలుగు వేళ్లు,
ముడేసుకుంటే అవీ ఉండవు.
ఇక్కడ మడతమంచం. ఇక్కడ అయిదు కిలోల సిలిండరు.
ఇక్కడ నా నీళ్ల సీసాలు, ఉప్పు మీటరు,
గుంటల పేర్లు రాసుకునే పుస్తకాలు.

అల్లూరు, ఇసకపల్లి, జువ్వలదిన్నె.
తెల్లారుజామున నాలుగింటికి
రొయ్యల గుంటలో ఊపిరి ఎంతుందో కొలిచి చెప్పడం నా పని.
రొయ్య తల పైకెత్తిందంటే నా ఫోను మోగుద్ది.
గాలి చాలని జీవాల దగ్గరికి
చీకట్లో స్కూటీ మీద యాభై కిలోమీటర్లు.
ఒక్కోసారి నేను పోయేసరికే
గట్టు వెంబడి నీళ్లు తెల్లగా.

పదహారేళ్లలో ఏడు ఇళ్లు.
కావలిలో ఓనరమ్మ మొదటి ప్రశ్న, "ఆయనేం చేస్తారు?"
రెండోది, "మీరేమిట్లు?"
మూడోది అడక్కముందే తాళంచెవి లోపలికెళ్లిపోయింది.
దర్గామిట్టలో, తెల్లారకుండా బయటికెళ్లే ఆడది
ఏ పని మీద పోతుందో
వీధికి నాకంటే బాగా తెలుసు.
ఇప్పుడున్న ఇంట్లో వంటగది కారతది.
కారే చోట గిన్నె పెట్టి
నాలుగేళ్లుగా గిన్నెకు కూడా బాడుగ కడుతుండా.

జుబేదా ఫోన్లో తిట్టింది:
"ఏం మే, పిచ్చా? మే నెలలో ఆ రేకుపెట్టెలో పడుకుంటే
పొద్దుటికి అప్పడమవుతావు.
కడుపునొప్పొచ్చిన రాత్రి ఏ బంకుకి పోతావు?
బంకులో ఆడోళ్ల దొడ్డికి తాళం ఉంటది,
తాళంచెవి ఉన్నోడు టిఫినుకి పోయుంటాడు.
ఆధార్ కార్డులో ఏం రాయిస్తావు,
డోరు నంబరా, బండి నంబరా?"

అన్నీ నిజాలే.
అది అననిది ఇంకోటుంది:
రాత్రి ఎవడన్నా వచ్చి వేలితో తడితే
లోపల ఒక్కటే మనిషని
రేకే చెప్పేస్తుంది.

నా దగ్గర జవాబుల్లేవు, ఒక లెక్కుంది.
ఆరువేల అయిదొందల బాడుగ, ముప్పైరెండు నెలలు, ఇంకొంచెం.
ఇంజను, బీమా, ఎఫ్‌సీ
కాగితానికి రెండోవైపు రాశా. ఆ వైపు తిప్పలేదు.

"టైర్ల కింద నిమ్మకాయలు నేనే పెట్టిస్తా మేడం,
పూజ ఖర్చు నాది."
నవ్వొచ్చింది. బతుకంతా నిమ్మకాయలే మోసిన బండికి
ఇంకా ఏం దిష్టి?
"పూజొద్దు. పైన నీళ్లు పోయించు," అన్నా.

వెల్డింగు కుర్రాడు నిచ్చెనేసుకొని ఎక్కాడు.
నేను లోపలికెళ్లి తలుపేసుకున్నా.
చీకటి. గోనెల వాసన. మొదటి బిందె.
కార్తీకంలో పట్టిన వాయుగుండం మొత్తం
ఒక్కసారే నెత్తిన దిగినంత మోత.
రెండోది. మూడోది.
మోకాళ్ల మీద కూచొని ఫోను లైటుతో
అతుకతుకూ చూశా,
గుంటలో చూసినట్టే,
ఎక్కడ తలెత్తుతుందోనని.

వెనక తలుపు పైన, రివెట్టు దగ్గర
ఒక చుక్క పుట్టింది. ఉబ్బింది.
వేలాడుతూ ఆగింది.

"కారతందా మేడం?" బయట్నుంచి నాయుడు.

ఎండిన కాయ అరచేతిలో ఉంది, ఎప్పుడు తీశానో.
బరువే లేదు దానికి.
"ఉండబ్బా," అన్నా,
"ఇంకో బిందె పొయ్యమను."